పెట్టెలో గది, గదిలో పెట్టె

మా తాతగారి యింట ఒక వాల్వు రేడియో ఉండెడిది. కొయ్యపెట్టె, ముందువైపున గుడ్డ బిగించిన జాలి, త్రిప్పు మరలు నాలుగు. మా నాయనమ్మ దానికొక తెల్లని క్రోషే ముసుగు అల్లి తొడిగినది. వార్తల వేళకు ముందుభాగమును మాత్రము పైకి మడిచెడిది. వెనుకభాగము ఎల్లప్పుడును ముసుగులోనే, పైగా గోడను ఆనుకొని యుండెడిది. గంటసేపు పాడిన పిమ్మట ఆ రేడియో గొంతు బొంగురుపోయెడిది. ఒకనాటి సాయంకాలము కాలిన వాసన వేసి పూర్తిగా మూగవోయినది. బాగుచేయవచ్చిన మెకానిక్కు వెనుకపలకను విప్పి, అందులోని చిల్లుల వరుసను వ్రేలితో చూపి, "అమ్మగారూ, ఈ చిల్లులు అందానికి పెట్టినవి కాదండి. పెట్టెకు ఇదే ముక్కు. మీరు ముక్కు మూసేశారు" అన్నాడు. ఆనాటినుండి ఆ రేడియో గోడకు జానెడు దూరమున, ముసుగు లేకుండ, చాల కాలము పాడినది.

ఆ మెకానిక్కు మాట ఇన్నేండ్ల తరువాత నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చుచున్నదనిన, అందుకు కారణము నా ఉద్యోగము. మా ప్రసార యంత్రములు ఉండునది కూడ పెట్టెలలోనే. బీరువాలవంటి ఇనుపపెట్టెలు అవి. వాటిని ఉంచు గది కూడ కొన్నిచోట్ల ఇటుకలతో కట్టినది కాక, ఎక్కడనో కర్మాగారమున తయారై, లారీమీద వచ్చి, క్రేనుతో దిగిన గది. అనగా యంత్రమునకొక పెట్టె, ఆ పెట్టెకొక పెట్టె. నేను ఇంజనీరును కాను, మైకుముందు కూర్చుండు వాడను. కాని ఇరువది యేండ్లుగా ఇంజనీర్ల ప్రక్కన కూర్చుండి టీ త్రాగుచు, వారి సణుగుడు వినుచు వచ్చితిని. ఆ వినికిడి ఫలితమే ఈ ప్రసంగము.

ఇట్టి గదులతో కూర్చిన కట్టడములను మాడ్యులర్ భవనములందురు. ఒకే కొలతగల భాగములను ముందుగా కర్మాగారమున చేసి, స్థలమునకు తెచ్చి, ఒకదానికొకటి బిగించి నిలుపుదురు. మన సౌకర్యముకొరకు వానిని గదిపెట్టెలందము. పాఠశాలలకు, పనివారి వసతికి, టెలిఫోను టవర్ల క్రింది యంత్రశాలలకు ఇవి వచ్చి చాల కాలమైనది. 2020లో కరోనా వ్యాపించినపుడు మన దేశమున అనేకచోట్ల ఆసుపత్రి వార్డులే ఈ రూపమున వెలసినవి. కనుక ఇది ఇంజనీర్లు మాత్రమే మాటలాడుకొనవలసిన విషయము కాదు. రేపు మీ యూరి బడికి రెండు గదులు లారీపై రావచ్చును. వచ్చిన తరువాత చూతములే అనుకొన్నచో, చూచుటకు మిగులునది రంగు మాత్రమే.

ఈ పద్ధతి మనకు కొత్తదనుటయు సరికాదు. పెండ్లిపందిరి ఏమి? గుంజలు, వెదుళ్లు, తాటాకులు, త్రాళ్లు. ఉదయము వచ్చి సాయంకాలమునకు నిలిచి, మూడవనాడు విప్పబడి, మరియొక యింటి ముంగిట మరల నిలుచును. సురభి నాటక సమాజములవారు తెరలు, చెక్కలు, రేకులు బండ్లకెత్తించి ఊరూర నాటకశాలను నిలిపి, విప్పి, మోసుకొనిపోయినారు. పందిరివాడు గుంజను గురించి అంతగా ఆలోచింపడు. ముడిని గురించి ఆలోచించును. గాలి వచ్చినపుడు కొంచెము సాగి, గాలి పోగానే మరల బిగియు ముడి వానికి కావలెను. విప్పునపుడు కత్తి అక్కరలేక ఊడు ముడి కావలెను. ఈ విద్యలో ఉన్న సారమంతయు, నా యెరుకలో, ఆ ముడిలోనే ఉన్నది.

ఇటుకలతో కట్టు ఇంటిలో పొరపాటు జరిగినచో తాపీమేస్త్రి అక్కడికక్కడే సర్దును. తలుపు ఒక అంగుళము ఎక్కువైనచో సిమెంటు పూయును, కిటికీ మరచినచో గోడ పగులగొట్టును. గదిపెట్టెకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ తప్పు కూడ కర్మాగారమందే తయారగును. అదియు ఒకటి కాదు, ఎన్ని గదులో అన్ని. అందుచేత ఇంటికి పథకము గీయువారు గదితో మొదలుపెట్టుదురు గాని, గదిపెట్టెకు పథకము గీయువారు గదిని చివరకు ఉంచుకొనవలెను. ముందుగా అడుగవలసినది, అది ఏ దారిని వచ్చును, దేనితో కలియును, చెడినపుడు ఎట్లు విప్పబడును అని.

దారి మాట మొదట చెప్పెదను. 1851 మే 1వ తేదీన లండను నగరపు హైడ్ పార్కులో తెరచిన స్ఫటికభవనము ఇనుముతోను గాజుతోను కూర్చినది. పొడవు 1848 అడుగులు. దానిని రూపొందించిన జోసెఫ్ పాక్స్‌టన్ వృత్తిచేత తోటమాలి. ఆయన మహాసౌధమును ఊహించి దానికి తగిన గాజును వెదకలేదు. ఆనాడు పెద్దసంఖ్యలో చౌకగా దొరకు గాజుపలక ఎంత అని అడిగి, 49 అంగుళముల పలకను గైకొని, దాని కనుకూలముగ 24 అడుగుల కొక స్తంభముచొప్పున లెక్క కట్టెను. స్తంభములు బోలువి. పైకప్పు మోయుటయే గాక, వాననీటిని క్రిందికి దింపు గొట్టములు కూడ అవియే. ఆ భవనమును తరువాత విప్పి, సిడెన్‌హామ్ అనుచోట మరింత పెద్దదిగా 1854 నాటికి తిరిగి నిలిపిరి. 1936లో అగ్నికి ఆహుతియైనది.

నేటి గదిపెట్టెకు కొలత నిర్ణయించునది గాజుపలక కాదు, రోడ్డు. 1956లో మాల్కమ్ మెక్‌లీన్ అను అమెరికా లారీల యజమాని, సరకును మూటలుమూటలుగా ఓడకెక్కించుట మాని, 58 పెట్టెలను పెట్టెలుగానే ఓడపై నిలిపి న్యూవార్కునుండి హూస్టనుకు పంపెను. ఆ పెట్టెయే కాలక్రమమున లోకమంతటికి ఒకే కొలత గలది అయినది. మనము తరచు చూచు చిన్న కంటెయినరు పొడవు 20 అడుగులు, వెడల్పు 8, ఎత్తు ఎనిమిదిన్నర. ఓడ, రైలు, లారీ, క్రేను అన్నియు ఆ కొలతకే అలవాటుపడినవి గనుక, గదిపెట్టె చేయువారు సాధారణముగ ఆ కొలతనే పట్టుకొందురు. మన రోడ్లపై వాహనపు వెడల్పునకు పరిమితి 2.6 మీటర్లు, 8 అడుగుల పెట్టె అందులో ఇముడును.

ఇముడును సరే, అందులో మనిషి ఎట్లు ఇముడును? లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. ఎండ వేడిమి ఆపుటకు ఇరుప్రక్కల పది సెంటీమీటర్ల మందమున పొర వేసితిరా, మిగులునది 2.15. లోపలి ఎత్తు సుమారు 2.39 మీటర్లు, పైకప్పు క్రింద కూడ పొర వేసి, దానికొక పంకా వ్రేలాడదీసినచో, రెక్కలు నేలనుండి రెండు మీటర్ల యెత్తున తిరుగును. చొక్కా విప్పుటకు చేతులెత్తు పొడగరికి అది అపాయము. ఈ సంగతి పథకము కాగితముపై కనబడదు. పంకా బిగించువాడు నిచ్చెన ఎక్కవలసిన పనిలేక ఆశ్చర్యపడిన దినమున కనబడును. గోడపంకా పెట్టుట, లేదా తొమ్మిదిన్నర అడుగుల యెత్తుగల పెట్టెను మొదటనే కోరుట దీనికి పరిష్కారము. అయితే ఎత్తు పెరిగినచో, దారిలోని మర్రికొమ్మ, కరెంటుతీగ, రైలువంతెన క్రింది కమాను అన్నియు ముందుగా కొలువవలెను. ఊరి మలుపు తిరుగునా, కల్వర్టు మోయునా అన్నది కూడ అట్టిదే. క్రేను సంగతి ఒకటి చాలమందికి తెలియదు: 20 టన్నుల క్రేను అనగా ఎల్లెడల 20 టన్నులెత్తునని కాదు. నీళ్లబిందెను నడుముపై మోసినంత సులువుగా చేయి చాచి మోయగలమా? క్రేను చేయి చాచినకొలది దాని బలము తగ్గును. బడిగోడ కావల నిలిచి ఆవరణ నడుమకు గదిని దించుట కంటె, గోడను రెండు బారలు విప్పి తిరిగి కట్టుటయే చౌక కావచ్చును.

కంటెయినరును గదిగా మార్చువారు చేయు మరియొక పొరపాటు దాని బలమెక్కడ నున్నదో ఎరుగకపోవుట. ఓడలో ఒకదానిపై నొకటి పేర్చినపుడు బరువు దిగునది నాలుగు మూలల ఇనుపగట్లమీదుగ. ముడుతలు తేరిన ప్రక్కగోడలు ఆ చట్రము ఒరిగిపోకుండ పట్టియుంచును. గోడను కోసి పెద్ద కిటికీలు పెట్టినచో, కోసినచోట చుట్టును దిట్టమైన చట్రము వేయక తప్పదు. మంచము కోళ్లు గట్టివే అయినను, పట్టెలు తీసివేసినచో కోళ్లు నిలుచునా?

మన దేశపు గదిపెట్టెలలో పరీక్షకు నిలిచిన దానిని చూడవలెనన్నచో దక్షిణధ్రువ ఖండమునకు పోవలెను. మనవారు అక్కడ మొదట 1983-84లో దక్షిణ గంగోత్రి అను కేంద్రమును సముద్రముపై తేలు మంచుపలకమీద నిలిపిరి. ఏటేట కురియు మంచు దానిని క్రమముగ కప్పివేసినది. 1990లో దానిని కేంద్రముగ వాడుట మానిరి. ఆ పాఠము వృథా పోలేదు. 1989 నాటి మైత్రి కేంద్రమును రాతినేలపై, ఇనుపకాళ్లమీద నిలిపిరి. గాలి క్రిందుగ సాగిపోయి మంచును నిలువనీయదు. 2012లో లార్స్‌మన్ కొండలవద్ద మొదలైన భారతి కేంద్రము 134 కంటెయినర్ల కూర్పు. బయటనుండి చూచినవారికి ఒక్క కంటెయినరును కనబడదు. వానినన్నిటిని కలిపి, వేడిని నిలుపు మరియొక తొడుగును పైన కప్పినారు.

ఆ తొడుగును గురించి నేను చాలసేపు ఆలోచించితిని. కంటెయినరు గోడ బరువు మోయును, ప్రయాణపు దెబ్బలకు ఓర్చును, చలిని ఆపలేదు. తొడుగు చలిని ఆపును, బరువు మోయదు. ఒక్క రేకుగోడనే రెండు పనులు చేయుమని వారు కోరలేదు. మనకు చలి బదులు ఎండ. రెంటచింతల ఎండలో నిలిచిన ఇనుపపెట్టెకు పైన జానెడు ఎడముతో మరియొక రేకును నీడగా వేసి, నడుమ గాలి ఆడనిచ్చి, పైరేకుకు తెల్లరంగు పూసినచో, లోపలి చల్లదనపు యంత్రముపై భారము ఎంతయో తగ్గును. ఇది ఖర్చుగల పని కాదు. అయినను గదిపెట్టెల నెన్నిటినో నీడ లేక, ముదురు నీలిరంగుతో మండుటెండలో నిలువబెట్టుట చూచుచున్నాను. పైన రెండవకప్పు ఉన్నచో మరియొక మేలు కూడ కలదు: వాన కురియునపుడు రేకుపై చప్పుడు తగ్గును. మాటయే వృత్తియైన నావంటివానికి ఇది చిన్న సంగతి కాదు. రేకుల బడిలో వానాకాలము పాఠము చెప్పు ఉపాధ్యాయురాలికి అంతకంటెను కాదు.

ఇక అతుకు. 1968 మే 16వ తేదీ తెల్లవారుజామున లండనులోని రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల భవనమున, 18వ అంతస్తులో ఒక గృహిణి టీకొరకు పొయ్యి వెలిగించినది. గ్యాసు కారియున్నందున ప్రేలుడు సంభవించినది. ప్రేలుడు పెద్దది కాదు, ఆమె బ్రతికినది. కాని ఆ భవనము కర్మాగారమున పోతపోసిన కాంక్రీటు పలకలను పేకముక్కలవలె నిలిపి కట్టినది. మూలనున్న గోడపలక బయటకు త్రోయబడగానే, దానిపై ఆధారపడిన పై అంతస్తుల మూలలన్నియు కూలినవి. వాని బరువునకు క్రింది అంతస్తుల మూలలు కూడ కూలినవి. నలుగురు మరణించిరి. జనులు అందులో కాపురమునకు వచ్చి అప్పటికి రెండు నెలలే. పలకలు గట్టివే. పలకను పలకతో పట్టియుంచిన అతుకులు బలహీనము. 1986లో ఆ భవనమును మెల్లగా విప్పినపుడు, సిమెంటుతో గట్టిగా నింపవలసిన కొన్ని సందులలో వార్తాపత్రికలు కుక్కియుండుట బయటపడినది.

ఆ వార్తాపత్రికలను కుక్కిన పనివాడు దుర్మార్గుడని నేననుకొనను. చలిలో, ఎత్తున, చేయి దూరని సందులో, మేస్త్రి తొందరపెట్టుచుండగ పనిచేసినవాడు. చేయి దూరని సందు గీసినది ఎవరు? బిగించువాని చేతికి, పానాకు, కంటికి చోటుండవలెను. బిగించిన బోల్టును మరియొకడు వచ్చి చూడగలుగవలెను. అతుకు ఒక్కటి పోయినను బరువు మరియొక దారిని దిగునట్లుండవలెను. ఆ దుర్ఘటన పిమ్మట ఇంగ్లండులో కట్టడపు నియమములు మారినవి. ఒక్కచోటి నష్టము భవనమంతటికి ప్రాకకుండ చూచుట నేడు అన్ని దేశముల ఇంజనీర్లకు మొదటి పాఠములలో ఒకటి.

అతుకు సాగవలసి కూడ ఉన్నది. 12 మీటర్ల ఉక్కుదూలము వేడిమి 40 డిగ్రీలు పెరిగినచో సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. అల్యూమినియమైనచో దాదాపు అందుకు రెట్టింపు. ఆ ఆరు మిల్లీమీటర్లకు చోటీయని అతుకు పైకప్పు జిగురును చింపుకొని తన చోటును తానే చేసికొనును. తరువాతి వాన దానిని కనిపెట్టును. ఉప్పుగాలి వీచుచోట ఉక్కుబోల్టు, అల్యూమినియము పలక నేరుగ తాకియున్నచో తడిలో ఒకటి రెండవదానిని తినివేయును. నడుమ రబ్బరు వాషరో మరియొక అడ్డో ఉండవలెను. మన నల్లరేగడి సంగతి చెప్పనే అక్కరలేదు. వానకు ఉబ్బును, ఎండకు చీలును. దానిపై నాలుగు దిమ్మెలు కట్టి గదిని నిలిపినచో, ఏడాది తిరుగకుండ ఒక మూల దిగును, తలుపు పట్టును. జనులు తలుపును చిత్రిక పట్టింతురు. తలుపు తప్పు కాదది. మూలమూలకు మట్టము సరిచేయు జాకీమర ఉండి, ఏటేట ఒకసారి చూచుకొన్నచో తలుపు జోలికి పోనక్కరలేదు.

గాలి లెక్క నేను స్వయముగ వేసి చూచితిని. తప్పున్నచో మా ఇంజనీర్లు దిద్దుదురని తలచితిని, వారు దిద్దలేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 150 కిలోల ఒత్తిడి పెట్టును. 20 అడుగుల కంటెయినరు ప్రక్కగోడ వైశాల్యము 15.7 చదరపు మీటర్లు. కాగా గోడపై పడు త్రోపు సుమారు 2,400 కిలోలు. ఖాళీ కంటెయినరు బరువు సుమారు 2,200. గాలి దానిని సగము ఎత్తున, 1.3 మీటర్లవద్ద, నెట్టును; బరువు దానిని సగము వెడల్పున, 1.2 మీటర్లవద్ద, నిలుపజూచును. ఏ ప్రక్క లెక్కించినను పెట్టె పొర్లును. ఇనుపపెట్టె గదా, దానంతట అదే కూర్చుండును అని చాలమంది అనుకొందురు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను, 2014లో విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్‌ను ఎరిగిన మనకు ఆ గాలివేగము కథలోనిది కాదు. నాలుగు మూలలను నేలలోని కాంక్రీటుకు బోల్టులతో బిగించుట తప్పనిసరి.

మరమ్మతు విషయమున జపానునందలి ఒక కథ విచారము కలిగించును. 1972లో కిషో కురొకావా అను వాస్తుశిల్పి టోక్యోలో నకగిన్ గోపురమును కట్టెను. రెండు నడిమి స్తంభములకు 140 గదిపెట్టెలు పిట్టగూళ్లవలె తగిలించెను; ఒక్కొక్కదానికి నాలుగేసి బోల్టులు. పాతికేండ్లకొకసారి పాతపెట్టెను దించి కొత్తది తగిలించవలెనని ఆయన ఆశ. ఒక్క పెట్టెయు మార్చబడలేదు. పెట్టెలు ఎంత దగ్గరగ నుండెననగా, క్రిందిదానిని తీయవలెనన్నచో పైవానిని ముందుగా దించవలెను. గొట్టములు కారినచో చేయి దూరదు. ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క యజమాని. అందరును ఒకేనాడు ఒప్పుకొనుట ఎక్కడి మాట! 2022లో గోపురమును కూల్చివేసిరి. ఇందుకు మారుగా బ్రిటిషువారి హేలీ కేంద్రము కలదు. అదియు దక్షిణధ్రువ ప్రాంతమునందే. ఎనిమిది గదిపెట్టెలు, కాళ్ల చివర మంచుజారుడు పలకలు. క్రింది మంచులో పెద్దబీట ప్రాకివచ్చినపుడు, 2016-17లో, అతుకులు విప్పి ఒక్కొక్కదానిని ట్రాక్టర్లతో లాగి 23 కిలోమీటర్ల దూరమున మరల కలిపిరి. మొదటిది చూచుటకు అందమైనది, రెండవది బొద్దింకల వరుసవలె నుండును. నా ఓటు బొద్దింకలకు.

ఇక యంత్రముల పెట్టె. ఇక్కడ మనిషి లేడు గనుక సులువని తోచును. మనిషికి వేడియైనచో తలుపు తెరచుకొని బయటకు వచ్చును, యంత్రము రాలేదు. రెండు మీటర్ల యెత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు గల ఇనుపబీరువాలో 300 వాట్ల వేడి పుట్టుచున్నదనుకొనుడు. బీరువాను పూర్తిగా మూసివేసినచో, ఆ వేడి గోడలగుండ తప్పుకొనుటకు లోపలి ఉష్ణోగ్రత బయటికంటె పది డిగ్రీలకు పైగా ఎక్కువ కావలెను. బయట నీడలో 45 ఉన్ననాడు లోపల 55. ఎండ నేరుగ పడినచో చెప్పనలవి కాదు.

మరి చిల్లులు పెట్టినచో? మా నాయనమ్మ రేడియో ఇంటిలో నుండెను. బయటి పెట్టెకు దుమ్ము, వాన, చీమ, బల్లి అన్నియు అతిథులే. బల్లి ఒక్కటి రెండు తీగలనడుమ పడి కేంద్రమును మూగచేసిన సందర్భములు మా వృత్తిలో నవ్వుకొను కథలు. ఆ రాత్రి పనిచేసినవానికి మాత్రము నవ్వు రాదు. పెట్టెలపై ఐ.పి. అని రెండంకెలు వ్రాసియుండును. మొదటి అంకె దుమ్మును, రెండవది నీటిని ఎంత ఆపునో చెప్పును. 54 అనగా హానిచేయునంత దుమ్ము చొరదు, నలువైపుల చిందు నీటికి ఓర్చును. 65 అనగా దుమ్ము బొత్తిగా చొరదు, గొట్టముతో కొట్టిన నీటికి ఓర్చును. చివరి అంకె 7 అయినచో మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను నిలుచును. అంకె పెద్దదైనకొలది మంచిదని కొనువారు భ్రమపడుదురు. ఘనమీటరు గాలిగల పెట్టె పగలు 30 డిగ్రీలు వేడెక్కినచో అందులోని గాలి పదవవంతు, అనగా నూరు లీటర్లు, ఏదో సందునుండి బయటకు పోవజూచును. సాయంకాలపు వాన పెట్టెను చటుక్కున చల్లార్చినపుడు ఆ నూరు లీటర్లు తిరిగి లోనికి రావలెను. తలుపు రబ్బరు అంచున నీరు నిలిచియున్నచో గాలితోపాటు ఆ నీటిని కూడ పీల్చుకొనివచ్చును. లోపల చేరిన తేమకు బయటకు పోవు దారి లేదు. అందుచేతనే అనుభవజ్ఞులు మూసిన పెట్టెకు కూడ అడుగున, నీరు కారిపోవుటకును గాలి ఆడుటకును వడపోత గల చిన్న ద్వారమును కోరి పెట్టింతురు.

తీగలు ఎక్కడనుండి లోనికి వచ్చుననునది అన్నిటికంటె చిన్న ప్రశ్న. మాకు దానిచేతనే పెద్ద శాస్తి జరిగినది. కొన్నేండ్ల క్రిందట తీరప్రాంతమున ఒక చిన్న కేంద్రమునకు తుపాను ముందటి రాత్రి నేను పనిమీద పోయి యుంటిని. యంత్రముల గదిపెట్టె కొత్తది, అంకెలన్నియు ఘనమైనవి. అమ్మినవారు తీగలను పైకప్పు ప్రక్కగ, గోడ పైభాగమున చిల్లుచేసి నేరుగ లోనికి దింపియుండిరి. చిల్లు చుట్టును రబ్బరు బిగించిరి, నిజమే. కాని టవరుమీదినుండి దిగు తీగ వానలో నీటికి కాలువ యగును. నీరు తీగవెంట జారి, రబ్బరు ముడుతలో దారి చేసికొని, లోపలి బీరువా నెత్తిన బొట్టుబొట్టుగ పడినది. రాత్రి తొమ్మిదిన్నరకు, మత్స్యకారుల హెచ్చరిక మూడవసారి చదువవలసిన వేళకు, ప్రసారము ఆగినది.

ఇంజనీరు బీరువా వెనుకతలుపు తీయబోయెను. అది సగమే తెరచుకొన్నది. తరువాత తెచ్చిన చల్లదనపు యంత్రమును ఎదుటిగోడకు బిగించిరి. తలుపునకు కావలసిన చోటును అది ఆక్రమించినది. ఆయన టార్చిలైటు పండ్లతో కరచుకొని, ఒక భుజమును మాత్రము లోనికి దూర్చి, తడిసిన పలకను చేతి తడుములాటతో ఊడదీసెను. నేను గొడుగును గదిలోపలనే తెరచి బీరువాపై పట్టితిని. 40 నిమిషములు. అంతసేపును మేము పలుకవలసిన చోట మౌనమే పలికినది. తీరమున ఎన్ని పడవలవారు చెవియొగ్గి యుండిరో నాకు తెలియదు. ఆ రాత్రి అక్కడ ఎవరికిని హాని జరుగలేదని మరునాడు విన్నప్పుడు మాత్రమే నేను కుర్చీలో వెనుకకు వాలితిని.

వారము తరువాత ఆ ఇంజనీరు చేసిన మరమ్మతునకు కొత్త సామాను ఏదియు కొనలేదు. పై చిల్లును మూసివేసెను. తీగలను గోడవెంట క్రిందికి తెచ్చి, లోనికి పోవు ముందు జానెడు క్రిందికి వ్రేలాడునట్లు వంపు పెట్టి, ఆ వంపునుండి పైకెత్తి, గదిపెట్టె అడుగుభాగమునుండి లోనికి పంపెను. చల్లదనపు యంత్రమును మూరెడు ప్రక్కకు జరిపించి, బీరువా తలుపును రెండుసార్లు పూర్తిగా తెరచి మూసి చూచెను. మరునాడు మధ్యాహ్నము వాన కురిసినది. మేమిద్దరము వరండాలో నిలిచి చూచుచుంటిమి. నీరు తీగవెంట జారి వచ్చి, వంపు అడుగున ఒక్కక్షణము ఆగి, బొట్టుగా మారి, బయటి గులకరాళ్లపై పడుచున్నది.